తొమ్మిదో గడి

ఉతికిన గుడ్డలను లెక్కపెట్టకుండా తాడు మీద ఆరేయడం మసిపిన్నికి చేతకాదు. అవి ఎనిమిది. పాత గోధుమరంగు దుప్పటి ఒకటి చింపి, అంచులు తనే కుట్టి, ఒక్కోటి తలగడ గలీబంత చేసుకుంది. ఆ సాయంత్రం నాలుగున్నరకి పెరట్లో వాటిని పిండి ఆరేస్తుంటే ఏడే వచ్చాయి. మళ్ళీ లెక్కపెట్టింది. ఏడే. బకెట్టు బోర్లించి చూసింది, పనిసంచీ దులిపింది, స్కూటరు డిక్కీ తీసి చెయ్యి పెట్టి కెలికింది. ఎనిమిదోది లేదు. ఆమె గుండె గుభేలుమంది.

గుడ్డముక్క పోతే గుండె గుభేలుమనడమేమిటి, చోద్యం కాకపోతే, అనుకుంటారేమో. తొందరపడకండి, చెప్తాను.

మసిబాబాయ్, మసిపిన్ని అంటే ఆ చుట్టుపక్కల తెలియనివాళ్ళు లేరు. ఇళ్ళ పొగగొట్టాలు శుభ్రం చేసే మొగుడూపెళ్ళాలు. బొగ్గుపొయ్యిల కాలంలో పొద్దున తెల్లగా వెళ్ళి సాయంత్రానికి నల్లగా తిరిగొచ్చేవాళ్ళు కాబట్టి ఆ పేరు పడింది. ఇప్పుడు ఇంటింటా గ్యాస్ హీటర్లు వచ్చాయి, మసి తగ్గింది, పేరు మాత్రం వదల్లేదు. హీటరు నుంచి ఒక రేకు గొట్టం గోడలోని కన్నంలోకి పోతుంది. ఆ కన్నం నుంచి పాత ఇటుకల పొగగొట్టం కప్పు మీదికి పోతుంది. తోమే ముందు రేకు గొట్టం ఊడదీసి, గదిలోకి దుమ్ము కొట్టకుండా ఆ కన్నంలో ఈ గుడ్డ కుక్కుతారు. అప్పుడు పైనుంచి బ్రష్షు దించి తోముతారు. తోమడం అయ్యాక గుడ్డ తీసేసి గొట్టం మళ్ళీ బిగిస్తారు. తీయడం మరిచిపోయి బిగించారా, అంతే సంగతులు. గ్యాస్ మంట వదిలే గాలి బయటికి పోయే దారి లేక గదిలోకే వచ్చేస్తుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. కాస్త తలనొప్పిగా ఉందని పడుకున్న మనిషి ఇక లేవడు.

అందుకని ఆ ఇద్దరూ ఒక నియమం పెట్టుకున్నారు. గుడ్డ పెట్టినవాళ్ళే తీయాలి, రెండోవాళ్ళు దాని జోలికి పోకూడదు. పంతొమ్మిదేళ్ళుగా బాబాయ్ పైన, పిన్ని కింద. పెట్టేదీ ఆమే, తీసేదీ ఆమే. నువ్వు తీశావనుకున్నాను, కాదు నువ్వే తీశావనుకున్నాను అనే మాట తమ మధ్య పుట్టకూడదని ఆ కట్టుబాటు.

ఆ పొద్దున మొదటి ఇంట్లో, నిచ్చెన నాలుగో మెట్టు మీద బాబాయ్ మోకాలు పట్టేసింది. పైకి పోలేడు, కిందికి రాలేడు, అరవడానికి మొహమాటం. పిన్ని చూసి, నడుం పట్టి దించి, నాలుగు చీవాట్లు పెట్టి తనే పైకెక్కింది. ఆ రోజు చేసిన మూడిళ్ళలోనూ అదే వరస. గుడ్డ ఆయన పెట్టాడు. తీయడం ఎప్పుడూ ఆవిడ పనే కదా, ఆ చేతులకి అలవాటు లేక ఎక్కడో ఒక ఇంట్లో వదిలేశాడు. పిన్ని దిగొచ్చి, పెట్టినాయనే తీసుంటాడని గొట్టం బిగించింది. కన్నంలోకి తొంగి చూసిందా అంటే, చూడలేదు. నెలాఖరు తొందర మరి.

నెలాఖరు తొందర ఏమిటంటే, అదంతా బీమా కంపెనీ పుణ్యం. ఆకులు రాలే కాలం అయిపోకముందే ప్రతి ఇంటివాళ్ళూ ఇల్లు చూపించి, తొమ్మిది గడుల కాగితం మీద సంతకం పెట్టించుకోవాలి. చూరు కాలువల్లో ఆకులు తీశారా, పగిలిన పెంకులు మార్చారా, బయటి కుళాయిలు కట్టేశారా, పొగగొట్టం తోమారా, ఇలా. ఆ కాగితం లేకపోతే ఇల్లు కాలినా కారినా కంపెనీ పైసా విదల్చదు. గడువు చివరి పదిరోజుల దాకా ఒక్కడికీ గుర్తురాదు, ఆ తర్వాత అందరికీ ఒకేసారి కొంపలంటుకుంటాయి. వీళ్ళు మనల్ని పిలిచేది ఇంటి మీద ప్రేమతో కాదు, కాగితం మీద ప్రేమతో అని పిన్ని ఏటా సణుగుతుంది. సణుగుతూనే పని ఒప్పుకుంటుంది.

బాబాయ్ అరుగు మీద మోకాలికి నూనె రాసుకుంటున్నాడు. గుడ్డ సంగతి చెబితే, గాలికి ఎగిరిపోయుంటుందిలే అన్నాడు. ఆ మాట అంటూనే ఆయన ముఖంలో రంగు మారింది. పొద్దుటినుంచీ జరిగినవి ఒక్కొక్కటే గుర్తు చేసుకున్నాడు. రొట్టెల దుకాణం వాళ్ళింట్లో తీశాననుకుంటా అన్నాడు. అనుకుంటా ఏమిటి, తీశారా లేదా అని పిన్ని నిలదీసింది. ఏ ఇంటి సంగతీ ఒట్టేసి చెప్పలేనన్నాడు.

అప్పటికే చల్లగాలి మొదలైంది. ఆ ఏడాదికి అదే మొదటి చలి. వీధి చివర చెట్ల ఆకులు గుంపులు గుంపులుగా దొర్లుకుంటూ వచ్చి వాళ్ళ గేటుకి కొట్టుకుంటున్నాయి. ఇలాంటి సాయంత్రం ఎవరైనా ఏం చేస్తారు? ఇంటికొచ్చి, చేతులు రుద్దుకుని, హీటరు వెలిగిస్తారు. పిన్ని తడి చేతులతోనే ఫోను అందుకుంది.

మొదట రిటైరైన లెక్కల మాస్టారికి చేసింది. ఆయన తాపీగా ఎత్తి, తమ ఇంట్లో హీటరు వెలిగించడానికి ఒక తేదీ ఉందనీ, అది ఇంకా పదకొండు రోజులుందనీ, చలి ముందొస్తే అది చలి తప్పు గాని తన తప్పు కాదనీ చెప్పాడు. వేరే రోజైతే పిన్ని పడీపడీ నవ్వేది. గొట్టం క్లిప్పు ఎలా తీయాలో చెప్పి, లోపల చెయ్యి పెట్టి చూసి వెంటనే ఫోను చేయమని బతిమాలింది. రెండోది రొట్టెల దుకాణం అక్కచెల్లెళ్ళకి. వాళ్ళ హీటరు మధ్యాహ్నం నుంచీ వెలుగుతూనే ఉందట, తలనొప్పీ గిలనొప్పీ ఏమీ లేవట. అయినా ఆర్పించి, కిటికీలు తీయించి, వాళ్ళ చిరాకంతా చెవులారా విని పెట్టేసింది.

మూడోది బట్టలు కుట్టే అమ్మాయి. మేడ మీది వాటాలో రెండేళ్ళ పాపతో అద్దెకుంటుంది. ఇంటి యజమాని వేరే ఊళ్ళో ఉంటాడు, కింది వాటా ఖాళీ. ఫోను మోగి మోగి ఆగిపోయింది. మళ్ళీ చేసింది. మూడోసారి చేసింది. ఎవరూ ఎత్తలేదు.

బాబాయ్ మోకాలి మాట మరిచిపోయి స్కూటరు బయటికి లాగాడు. పిన్ని పనిసంచీ ఒళ్ళో పెట్టుకుని, బ్రష్షు కడ్డీ ఒకటి చంకలో ఇరికించుకుని వెనక ఎక్కింది. దారంతా ఫోను చేస్తూనే ఉంది. మనసులో ఆ గది కనిపిస్తోంది. కరెంటు కుట్టుమిషను, పక్కన గుడ్డముక్కల గుట్ట, ఆ గుట్ట మీద కూర్చుని గుండీల డబ్బా గలగలలాడించే పిల్ల. మధ్యాహ్నం తను గొట్టం బిగిస్తుంటే ఆ పిల్ల వచ్చి తన వీపు మీద వాలింది. పిన్ని మెడ మీద ఆ ఊపిరి వెచ్చగా తగిలింది. ఇప్పుడు అది గుర్తొచ్చి, ఇంకా వేగంగా పోనిమ్మని బాబాయ్ భుజం తట్టింది.

సగం దారిలో ఫోను మోగింది. మాస్టారు. గుడ్డ తమ ఇంట్లోనే ఉందనీ, మోచేతి దాకా చెయ్యి పెడితే గాని అందలేదనీ చెప్పాడు. గోధుమరంగు, అంచు కుట్టుంది.

పోయిన ప్రాణం తిరిగొచ్చింది. బాబాయ్ స్కూటరు పక్కకి ఆపి, తల హ్యాండిల్ మీద ఆనించి, నవ్వో ఏడుపో తెలియని చప్పుడు చేశాడు. పిన్నికి కళ్ళనీళ్ళు ఆగలేదు. మాస్టారికి దండాలు పెట్టి, రేపే వచ్చి గొట్టం బిగిస్తామని చెప్పి పెట్టేయబోయింది. మాస్టారు ఆగమన్నాడు. ఆయన చేతిలో కాగితం చప్పుడు వినిపించింది.

“ఒక్క చిన్న అనుమానం తల్లీ. ఈ తొమ్మిదో గడిలో, హీటరు వెలిగించి గాలి పైకి పోవడం చూశాము అని మీ టిక్కు ఉంది. లోపల గుడ్డ ఉండగా పైకి ఎలా పోయింది?”

తప్పు పట్టే గొంతు కాదు అది. లెక్క కుదరక నిజంగానే అడుగుతున్నాడు. పిన్ని రేపు చెప్తాను మాస్టారూ అని పెట్టేసింది.

ఆ గడి సంగతి కూడా చెప్పాలి. గొట్టం బిగించాక హీటరు వెలిగించి, పావుగంట వేడెక్కనిచ్చి, దాని నెత్తిన ఆర్పిన అగ్గిపుల్ల పట్టుకోవాలి. పుల్ల పొగ లోపలికి పోతే దారి బాగున్నట్టు, గదిలోకి తిరిగొస్తే బాగా లేనట్టు. పావుగంట ఊరికే కూర్చోవాలి, అదే దాని కష్టం. రోజుకి మూడిళ్ళు ఒప్పుకున్నవాళ్ళకి మూడు పావుగంటలు ఎక్కడివి? మొదట ఒకింట్లో మానేశారు, ఏమీ కాలేదు. తర్వాత రెండిళ్ళలో మానేశారు. ఈ నెలలో ఏ ఇంట్లో వెలిగించి చూశారో పిన్ని గుర్తు చేసుకోబోయింది. ఒక్కటీ గుర్తు రాలేదు. కలం పట్టుకుంటే చెయ్యి పైనుంచి కిందికి తొమ్మిది టిక్కులు వరసగా కొట్టుకుంటూ పోతుంది, అంతే.

బాబాయ్ స్కూటరు ఇంటివైపు తిప్పాడు. పిన్ని దిగి రోడ్డు మీద నిలబడింది. గుడ్డ దొరికింది కదే, ఇంకా ఏమిటి అన్నాడాయన. ఆ అమ్మాయి ఫోను ఎందుకెత్తలేదని ఆమె అడిగింది. పాపని పడుకోబెట్టుకుంటోందేమో, మిషను చప్పుడులో వినపడలేదేమో, బజారుకి పోయిందేమో, ఆయన దగ్గర జవాబులకి కొదవ లేదు. తొమ్మిదో గడి మాట ఎత్తేసరికి మాత్రం గొంతు తగ్గించాడు. ఊళ్ళో ఎవరు చేస్తున్నారు ఆ పరీక్ష? ఇప్పుడు పోయి మేం చూడలేదు, మళ్ళీ చూస్తాం అంటే లైసెన్సు ఉంటుందా? పంతొమ్మిదేళ్ళ పని ఒక్క పూటలో పోతుంది. ఆయన భయమూ నిజమే. పిన్నికీ అదే భయం, కాదనలేదు.

“గుడ్డ ఉందో లేదో మీకు తెలియలేదు. నాకూ తెలియలేదు,” అంది ఆమె. “ఆ అమ్మాయి ఇంట్లో ఏముందో మనకేం తెలుసు? మీరు రాకపోతే నడిచి పోతాను.”

ఆయన స్కూటరు మళ్ళీ ఆ అమ్మాయి ఇంటివైపు తిప్పాడు.

ఆ ఇంటికి చేరేసరికి వీధి దీపాలు వెలుగుతున్నాయి. మేడ మీద కిటికీలన్నీ మూసున్నాయి, పరదా వెనక లైటు. మెట్లెక్కుతుంటే కుట్టుమిషను చప్పుడు వినిపించింది. బాబాయ్ అక్కడే గోడకి చేరబడి గట్టిగా ఊపిరి వదిలాడు. కుట్టుకుంటోంది చూడు, అనవసరంగా హడలగొట్టావు అన్నాడు. పిన్ని ఆగలేదు. ఒక్కో మెట్టూ ఎక్కుతూ ఆ చప్పుడే వింటోంది. మిషను చప్పుడు ఎవరికి తెలియదు? కాస్త పరుగెత్తుతుంది, ఆగుతుంది, గుడ్డ తిప్పుకున్నాక మళ్ళీ పరుగెత్తుతుంది. ఇది ఆగడం లేదు. ఒకే తీరుగా, ఒకే వేగంతో పోతూనే ఉంది. అంత పొడుగు కుట్టు ఏ బట్టకీ ఉండదు.

మిగిలిన మెట్లు ఒక్క పరుగున ఎక్కింది. తలుపు దబదబా బాదింది. అమ్మాయీ అని పిలిచింది. మిషను అలాగే పోతోంది. లోపల గడియ వేసుంది. పక్క కిటికీ అద్దాన్ని బ్రష్షు కడ్డీ చివరి ఇత్తడి బిళ్ళతో ఒక్క పోటు పొడిచింది. చెయ్యి దూర్చింది, గాజుపెంకు ముంజేతిని చీరింది, అది ఆమెకి తర్వాత గాని తెలియలేదు. గడియ దొరకలేదు. దొరికింది. తలుపు తెరుచుకుని వెచ్చటి గాలి ముఖానికి కొట్టింది. ఆ వెచ్చదనానికి ఆమె భయపడ్డంతగా అంతకుముందు దేనికీ భయపడలేదు.

ఊపిరి బిగబట్టి లోపలికి పోయారు. అమ్మాయి మిషను మీద తల వాల్చేసి ఉంది, చెంప కింద ఎర్ర పరికిణీ గుడ్డ, పాదం బరువంతా ఇంకా మిషను పెడలు మీదే. బాబాయ్ హీటరు దగ్గరికి పోయి గ్యాస్ కట్టేశాడు. పిల్ల గుడ్డల గుట్ట మీద పడుకుని ఉంది. బుగ్గలు గులాబీరంగులో ఉన్నాయి, చూసేవాళ్ళకి హాయిగా నిద్రపోతోందనిపిస్తుంది. పిన్ని ఎత్తుకుంటే చేతులు రెండూ వేలాడిపోయాయి. మెట్ల మీదికి పరుగెత్తి, చలిలో కూర్చుని, ఆ చిన్న వీపు రుద్దింది, చెంపలు తట్టింది, పేరు తెలియక బుజ్జీ, తల్లీ, బంగారూ అని నోటికొచ్చినట్టు పిలిచింది. నన్ను తీసుకుపో, దీన్ని వదిలెయ్ అని ఎవరికో మొక్కుకుంది. లోపలినుంచి బాబాయ్ ఆ కుంటి కాలితో అమ్మాయిని చంకల కింద పట్టుకుని ఈడ్చుకొచ్చి, ఆంబులెన్సుకి ఫోను చేశాడు. చిరునామా రెండుసార్లు తప్పు చెప్పి మూడోసారి సరిగ్గా చెప్పాడు.

ఎంతసేపయిందో పిన్నికి తెలియదు. పిల్ల ఒక్కసారి వణికి, ఆమె ఒళ్ళో భళ్ళున కక్కుకుని, సన్నగా ఏడుపు మొదలుపెట్టింది. ఆ ఏడుపు విని పిన్ని కూడా గట్టిగా ఏడ్చింది. బాబాయ్ ముఖం గోడవైపు తిప్పుకున్నాడు.

కాసేపటికి అమ్మాయి కళ్ళు తెరిచింది. పాప, పాప అంది ముందు. బాబాయ్ చూపించాడు. తల పగిలిపోతోందంది. తర్వాత విషయం కొద్దికొద్దిగా అర్థమై, పాకుతూ వచ్చి పిన్ని పాదం పట్టుకుంది. మీరు రాకపోతే మేమేమైపోయేవాళ్ళమో అంది. ఈలోగా బాబాయ్ తలుపూ కిటికీలూ బార్లా తెరిచి, లోపలికి పోయి రేకు గొట్టం ఊడదీశాడు. బయటికొచ్చినప్పుడు ఆయన చేతిలో సగం ఇటుక ఉంది. పొగగొట్టం వంపులో అడ్డంగా ఇరుక్కుని ఉందన్నాడు. పాత గోడ, బ్రష్షు తగిలి ఊడింది. మధ్యాహ్నం పైనుంచి బ్రష్షు తోసిన చేతులు పిన్నివే. ఆ మాట ఆయన అనలేదు, అనాల్సిన పనీ లేదు.

అమ్మాయి ఆ ఇటుక వంక చూడనే లేదు. పిన్ని చీరిన చెయ్యి చూసి, తన పైట చివరతో ఒత్తింది.

“నాకు ఆ పాత హీటరంటే ఎప్పుడూ భయమే పిన్నిగారూ,” అంది. “ఎంత చలైనా కిటికీ ఇంత సందు తెరిచే ఉంచేదాన్ని. ఈసారి మీరు చూసి రాసిచ్చారు కదా అని, పాప దగ్గుతోందని, అన్నీ మూసేశాను. సందుల్లో గుడ్డలు కూడా కుక్కాను.”

దూరంగా ఆంబులెన్సు కూత వినిపిస్తోంది. బాబాయ్ పిన్ని వంక చూశాడు. ఆ చూపులో బతిమాలుడు ఉంది. ఇప్పుడొద్దు, ఆస్పత్రికి పోనీ, తర్వాత చూద్దాం అని. ఊరుకుంటే అయిపోతుంది. ఇటుక పడింది, ఇద్దరూ సమయానికి దేవుడిలా వచ్చారు, నలుగురూ మెచ్చుకుంటారు. పిన్నికి విషపుగాలిలోకి పోయినప్పుడు కూడా ఇంత భయం వేయలేదు. మెట్టు వంక చూస్తూ చెప్పింది.

“మేం చూడలేదమ్మా. వెలిగించి చూడాలి, చూడలేదు. చూశామని టిక్కు పెట్టి సంతకం చేశాను. చూసుంటే మధ్యాహ్నమే తెలిసిపోయేది.”

అమ్మాయికి వెంటనే ఎక్కలేదు. ఆ కాగితంలో ఉన్నది మళ్ళీ చెప్పమంది. పిన్ని మళ్ళీ చెప్పింది. రెండోసారి చెప్పడం మొదటిసారికన్నా కష్టమైంది. అమ్మాయి చీరిన చేతి మీదనుంచి పైట తీసేసుకుంది. తిట్టలేదు, ఏడవలేదు. రెండు చేతులూ చాపి, పిన్ని ఒళ్ళోని పాపని తీసుకుని, గోడకి అవతలి వైపు జరిగి కూర్చుంది. పాప పిన్ని కొంగు పట్టుకునే ఉంది. అమ్మాయి ఆ వేళ్ళని ఒక్కొక్కటే విడదీసింది.

ఆంబులెన్సు వాళ్ళు వచ్చి ఇద్దరినీ తీసుకుపోయారు. ప్రాణభయం లేదన్నారు, ఇంకో అరగంట ఆలస్యమైతే చెప్పలేమన్నారు. వీధిలో జనం పోగై, ఇద్దరినీ కాపాడారట అని వీళ్ళనే చూపించుకుంటున్నారు. పిన్ని మెట్ల మీద కూర్చుని పనిసంచీలోంచి కాగితాల పుస్తకం తీసింది. ఇచ్చిన ప్రతి కాగితానికీ ఒక నకలు అందులో ఉంటుంది. ఈ నెలవి ముప్పై ఎనిమిది. ప్రతిదాని కింద తన సంతకం, పైన ఇంటివాళ్ళ ఫోను నంబరు. గాలి ఇంకా చల్లబడింది. వీధి పొడుగునా ఇళ్ళ కప్పుల మీద పొగగొట్టాలు చీకట్లో ఒకదాని వెనక ఒకటి కనిపిస్తున్నాయి. వాటిలో ఆరో ఏడో వాళ్ళు తోమినవే.

బాబాయ్ చాలాసేపు చేతిలోని ఇటుకని చూస్తూ నిలబడ్డాడు. తర్వాత దాన్ని కింద పెట్టి, కుంటుకుంటూ వచ్చి ఆమె పక్కన కూర్చుని, పుస్తకం తన ఒళ్ళోకి లాక్కుని, కళ్ళజోడు పెట్టుకున్నాడు. మొదటి నంబరు పైకి చదివాడు. ఈసారి ఒక్క అంకె కూడా తప్పు పోలేదు. పిన్ని నొక్కింది. అవతల ఎవరో ఎత్తి, పిన్నిగారా, చెప్పండి అన్నారు. ముందు హీటరు ఆర్పండి, కిటికీలు తెరవండి, ఆ తర్వాత నేను చెప్పేది వినండి అంది ఆమె.